మనిషికి వెల కట్టేదెవరు? నిస్సా గ్రెగరీ నాలుగో ప్రసంగం: విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది అంశాలను వివరించగలుగుతారు:

• బానిసత్వం గురించి ప్రాచీన గ్రీకు, రోమన్, తొలి క్రైస్తవ ఆలోచనల్లోని తేడాలు
• నిస్సా గ్రెగరీ నాలుగో ప్రసంగంలోని వాదన క్రమం
• ఆ వాదన బలం, పరిమితి
• నీతిశాస్త్ర చరిత్రలో 'ప్రభావం' అనే మాటను జాగ్రత్తగా ఎందుకు వాడాలి

1. ప్రవేశిక

తొలి క్రైస్తవ చింతన నీతి మీద, సంస్కృతి మీద చూపిన ప్రభావం గురించి రాయమంటే విద్యార్థులు సాధారణంగా రెండు రకాల జవాబులు రాస్తారు. మొదటిది: 'మానవులందరూ దేవుని ఎదుట సమానులని క్రైస్తవం బోధించింది. అందువల్ల బానిసత్వం అంతరించింది.' రెండవది దీనికి ఎదురు జవాబు: 'క్రైస్తవం కూడా బానిసత్వాన్ని ఒప్పుకుంది. అయితే ఆ కాలంలో బానిసత్వం తప్పని ఎవరికీ తోచే అవకాశం లేదు. కాబట్టి వారిని నేటి కొలతలతో కొలవకూడదు.'

ఈ రెండు జవాబులకూ నేను చాలా ఏళ్లు మార్కులు వేశాను. మొదటిదాన్ని తరగతిలో స్వయంగా చెప్పిన రోజులూ ఉన్నాయి. ఈ రెండూ నిలవవని నాకు అర్థమైంది ఒక ప్రసంగాన్ని నిదానంగా చదివిన తరువాత. అది నిస్సా గ్రెగరీ 'ప్రసంగి' గ్రంథం మీద చేసిన ఎనిమిది ప్రసంగాల్లో నాలుగోది. సుమారు 380 ప్రాంతానికి చెందినది. బానిసలను యజమాని ఎలా చూడాలి అన్నది అందులో ప్రధాన ప్రశ్న కాదు. ఒక మనిషిని సొంతం చేసుకోవడం అసలు సాధ్యమా అన్నది ప్రశ్న. ప్రాచీన ప్రపంచం నుంచి మనకు దక్కిన రచనల్లో బానిస యాజమాన్యాన్నే ఇంత సూటిగా తప్పుపట్టిన మరో రచన దొరకడం కష్టం.

'ఆ కాలంలో ఎవరికీ తోచలేదు' అనేవారికి ఈ ప్రసంగమే జవాబు. 'క్రైస్తవం బానిసత్వాన్ని అంతం చేసింది' అనేవారికి ఈ ప్రసంగం తరువాతి చరిత్రే జవాబు. ఈ పాఠంలో మనం ఈ రెండింటినీ పరిశీలిద్దాం.

2. గ్రెగరీకి ముందు

గ్రెగరీ కొత్తగా ఏమన్నాడో తెలియాలంటే ఆయనకు ముందున్న వాదనలు తెలియాలి.

అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) 'పాలిటిక్స్' మొదటి భాగంలో కొందరు స్వభావరీత్యా బానిసలని వాదించాడు. తమంతట తాము ఆలోచించి నడుచుకునే శక్తి లేనివారికి యజమాని ఉండడమే మేలని ఆయన అభిప్రాయం. స్టోయిక్ తత్త్వవేత్తలు దీనికి భిన్నమైన దారి పట్టారు. రోమన్ రచయిత సెనెకా తన లేఖల్లో నలభై ఏడో దానిలో బానిసలూ మనుషులేనని, వారితో కలిసి భోజనం చేయడంలో సిగ్గుపడవలసింది లేదని చెప్పాడు. అయితే ఆ లేఖలో ఆయన మంచి యజమానిని కోరాడు గాని యజమానే ఉండరాదని అనలేదు. స్టోయిక్‌ల దృష్టిలో అసలైన బానిసత్వం కోరికలకు లొంగిపోవడం. శరీరం ఎవరి చేతిలో ఉన్నా మనసు స్వేచ్ఛగా ఉండవచ్చు. ఈ ఆలోచన బానిసకు ఓదార్పునిస్తుంది. యజమానిని మాత్రం కదిలించదు.

కొత్త నిబంధనలో రెండు స్వరాలు పక్కపక్కనే వినిపిస్తాయి. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు క్రీస్తునందు దాసుడని, స్వతంత్రుడని భేదం లేదన్నాడు. ఎఫెసీయులకు, కొలొస్సయులకు రాసిన పత్రికల్లో మాత్రం దాసులు యజమానులకు లోబడాలన్న హితవు ఉంది. ఫిలేమోనుకు రాసిన చిన్న పత్రికలో ఒనేసిము అనే బానిసను సహోదరుడిగా చేర్చుకోమని పౌలు కోరాడు. అతన్ని విడుదల చేయమన్నాడా లేదా అన్నది ఈనాటికీ చర్చనీయాంశమే.

ఇక్కడ తెలుగు పాఠకులు ఒక విషయం గమనించాలి. ఈ పత్రికల మూలంలోని గ్రీకు మాట 'దూలోస్'. అంగడిలో కొని, అమ్మి, కొట్టడానికి వీలున్న మనిషి అని దాని లౌకికార్థం. తెలుగు బైబిలులో దీనికి తరచుగా 'దాసుడు' అని కనిపిస్తుంది. తెలుగులో దాసుడనగానే మనకు రామదాసు గుర్తుకొస్తాడు. ఆ మాటలో భక్తి ఉంది, గౌరవం ఉంది. 'బానిస' అన్నప్పుడు కలిగే నొప్పి అందులో లేదు. అందువల్ల ఈ గ్రంథాలను తెలుగులో చదివేవారికి అక్కడ ఒక క్రూరమైన వ్యవస్థ గురించి మాట్లాడుతున్నారన్న సంగతి సులభంగా తట్టదు. ఈ పాఠంలో 'బానిస' అనే మాటనే వాడుతున్నాను.

3. రచయిత, సందర్భం

గ్రెగరీ సుమారు 335లో కప్పదొకియలో పుట్టాడు. అది నేటి తుర్కియే దేశపు మధ్యభాగం. ఆయనది పొలాలు, సేవకులు ఉన్న సంపన్న కుటుంబం. అన్న బాసిల్ కైసరయ బిషప్పు. బీదలకు, రోగులకు ఆశ్రయం కట్టించినవాడుగా ఆయనకు పేరు. అక్క మక్రీనా ఇంటినే మఠంగా మార్చిన స్త్రీ. గ్రెగరీ 372 ప్రాంతంలో నిస్సా అనే చిన్న పట్టణానికి బిషప్పు అయ్యాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభలో ప్రముఖ పాత్ర వహించాడు.

ఇదే కుటుంబంలో బానిసత్వం గురించి ఒకే అభిప్రాయం లేదు. బాసిల్ పరిశుద్ధాత్మపై రాసిన గ్రంథంలో స్వభావరీత్యా ఎవరూ బానిసలు కారని ఒప్పుకున్నాడు. కాని యుద్ధంలో చిక్కడం వల్ల, పేదరికం వల్ల, లేదా తెలివి తక్కువవారికి తెలివైనవారి అదుపు మేలు గనక బానిసత్వం ఏర్పడుతుందని వివరించాడు. అరిస్టాటిల్‌ను ముందు గుమ్మంలో నుంచి పంపించి పెరటి గుమ్మంలో నుంచి రానిచ్చినట్లయింది. మక్రీనా అనుసరించిన దారి వేరు. ఆమె తల్లిని ఒప్పించి, అప్పటిదాకా తమకు ఊడిగం చేసిన స్త్రీలతో సమానంగా, ఒకే భోజనం, ఒకే పడకతో జీవించేట్లు చేసిందని గ్రెగరీ రాసిన ఆమె జీవితచరిత్ర చెబుతుంది. గ్రెగరీ వాదనకు మూలం గ్రంథాల్లోనే కాదు, అక్క నడిపిన ఆ ఇంట్లో కూడా ఉందనుకోవడం నాకు సమంజసంగా తోస్తుంది.

4. ప్రసంగంలోని వాదన

'ప్రసంగి' రెండో అధ్యాయంలో వక్త తన వైభవాన్ని వరుసగా చెప్పుకుంటాడు: ఇళ్లు, తోటలు, చెరువులు, బానిసలు, పశువులు, వెండి బంగారాలు. ఈ జాబితాలో బానిసల దగ్గరకు రాగానే గ్రెగరీ ఆగుతాడు. మిగిలిన ఆస్తులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు అన్నట్లుగా మాట్లాడతాడు. ఆయన వాదనను అయిదు మెట్లుగా విడదీయవచ్చు.

మొదటి మెట్టు, స్వభావం. మానవ స్వభావం స్వేచ్ఛ గలది, తనను తాను ఏలుకోగలది. ఆదికాండము ప్రకారం దేవుడు మనిషికి పశుపక్ష్యాదుల మీద అధికారం ఇచ్చాడు. మనిషి మీద మనిషికి ఇవ్వలేదు. కాబట్టి మనిషిని బానిసను చేసేవాడు దేవుని శాసనానికి పోటీగా తన శాసనం రాస్తున్నాడు. ఒకటిగా ఉన్న మానవజాతిని ఏలేవారు, ఏలబడేవారు అని రెండుగా చీలుస్తున్నాడు.

రెండో మెట్టు, వెల. ప్రసంగంలో అందరినీ నిలబెట్టే భాగం ఇది. మనిషి దేవుని స్వరూపంలో సృష్టి అయినవాడు గదా, ఆ స్వరూపానికి ఎన్ని ఓబోల్ నాణేలు చెల్లించావని ఆయన కొనుగోలుదారును అడుగుతాడు. ఓబోల్ అంటే గ్రీకుల చిన్న నాణెం. భూమి అంతా మనిషి ఏలుబడికి అప్పగించబడింది. కనుక ఒక మనిషిని అమ్మకానికి పెట్టడమంటే అతనితోపాటు భూమిని, సముద్రాన్ని, వాటిలోని సమస్తాన్ని వేలానికి పెట్టడమే. అంత వెల ఎవరు చెల్లించగలరు? లోకమంతా కూడా ఒక ప్రాణానికి సాటి రాదన్న సువార్త బోధ దీనికి ఆధారం.

మూడో మెట్టు, దేవుని ఉదాహరణ. పాపానికి బానిసలైన మనుషులను స్వేచ్ఛకు పిలిచినవాడు దేవుడు. ఇచ్చిన వరాన్ని ఆయనే వెనక్కు తీసుకోడు. స్వేచ్ఛగల మనిషిని దేవుడే బానిసగా చేసుకోనప్పుడు, ఆ పని చేయడానికి నీవెవరవు అన్నది ప్రశ్న.

నాలుగో మెట్టు, పత్రం. క్రయపత్రం చేతిలో ఉంది, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను, కనుక ఇతను నావాడు అనుకోవడం భ్రమ అంటాడు గ్రెగరీ. ఒక కాగితం ముక్క మనిషి మీద హక్కును పుట్టించలేదు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఒక పని న్యాయం అయిపోదన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా ఉంది.

అయిదో మెట్టు, ఒకే బతుకు. యజమాని, బానిస ఒకే గాలి పీలుస్తారు. ఒకే ఎండలో తిరుగుతారు. జబ్బు, దుఃఖం, సంతోషం ఇద్దరికీ వస్తాయి. చనిపోయాక ఇద్దరూ ఒకే మట్టి అవుతారు. ఒకే తీర్పు ముందు నిలుస్తారు. అలాంటప్పుడు ఏ విషయంలో నీవు ఎక్కువ?

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. సెనెకా వాదనకూ గ్రెగరీ వాదనకూ ముఖ్యమైన తేడా ఏమిటి?
2. 'వెల' గురించిన వాదన ఏ రెండు నమ్మకాల మీద నిలిచింది?

5. విమర్శ: బలం

ఈ అయిదింటిలో చివరిది పాతదే. మరణం ముందు అందరూ సమానులే అన్న మాట సెనెకా అన్నాడు, మన శతకకవులు అన్నారు. ఎంత గొప్పదైనా ఆ మాటకు ఒక లోపం ఉంది. చచ్చాక సమానులమంటే బతికుండగా ఉన్న అసమానతను భరించడం తేలికవుతుంది.

గ్రెగరీ ప్రత్యేకత రెండు, నాలుగు మెట్లలో ఉంది. ఆయన బానిసత్వాన్ని దయ లేకపోవడంగా చూడలేదు. వాణిజ్యంగా చూశాడు. వెల, అమ్మకందారు, కొనుగోలుదారు, పత్రం అనే నాలుగింటినీ ఒక్కొక్కటిగా పట్టుకుని ఈ బేరం బేరమే కాదని నిరూపించాడు. అమ్మేవాడికి అమ్మే హక్కు లేదు, కొనేవాడి దగ్గర చాలినంత డబ్బు లేదు, పత్రానికి బలం లేదు. మంచి యజమానికి కూడా ఇక్కడ తప్పించుకునే దారి లేదు. 'నేను నా బానిసలను బిడ్డల్లా చూసుకుంటాను' అనే వ్యక్తికి సెనెకా దగ్గర మెప్పు దొరుకుతుంది. గ్రెగరీ దగ్గర దొరకదు.

దేవుని స్వరూపం అనే భావనను ఆయన వాడిన తీరు కూడా గమనించదగినది. అంతకు ముందు ఆ భావన ఎక్కువగా ఆత్మ, బుద్ధి వంటి చర్చల్లో వచ్చేది. గ్రెగరీ దాన్ని బానిసల అంగడిలోకి తెచ్చాడు. మనిషికి గౌరవం ఉంది, కాబట్టి వెల లేదు అన్న సూత్రం ఇందులో ఉంది. 18వ శతాబ్దంలో జర్మన్ తత్త్వవేత్త కాంట్ వెలకూ గౌరవానికీ మధ్య గీసిన గీతతో దీన్ని పోల్చి చూడండి. ఒకరి నుంచి మరొకరు తీసుకున్నారని నేను అనడం లేదు. ప్రశ్న ఒకటే అంటున్నాను.

6. విమర్శ: పరిమితి

ప్రశంస ఇక్కడితో ఆపి, ప్రసంగంలో లేనివాటిని చూద్దాం.

మొదటిది, ఇందులో బానిస లేడు. గ్రెగరీ మొదటి నుంచి చివరి వరకు 'నీవు' అని సంబోధించేది యజమానిని. బానిసకు పేరు లేదు, మాట లేదు, గాయం లేదు. ప్రసంగం యజమాని అహంకారం అనే పాపం గురించి. ఒకరి ఒంటి మీద జరుగుతున్న అన్యాయం గురించి చాలా తక్కువ. నిస్సా చర్చిలో వెనుక నిలబడి ఈ ప్రసంగం విన్న బానిసలు ఉండి ఉంటే వారు ఏమనుకున్నారో మనకు తెలిసే దారి లేదు.

రెండవది, ఇందులో చేయవలసిన పని లేదు. ఇంత కఠినంగా మాట్లాడిన గ్రెగరీ ఈ ప్రసంగంలో 'కాబట్టి మీ బానిసలను విడిచిపెట్టండి' అని ఒక్క ఆదేశం ఇవ్వలేదు. వెంటనే తరువాతి వాక్యాలకు, వెండి బంగారాలకు, వడ్డీకి వెళ్లిపోతాడు. చర్చిలో బానిసలను విముక్తి చేసే పద్ధతికి కాన్‌స్టంటైన్ చక్రవర్తి 321లోనే చట్టబద్ధత కల్పించాడు. అంటే దారి తెరిచే ఉంది. దాన్ని చూపించవలసిన వక్త చూపించలేదు. ఆయన సమకాలికుడైన జాన్ క్రిసోస్తమ్ సిద్ధాంతంలో ఇంత దూరం పోలేదు గాని, బానిసలను కొని, వారికి ఒక వృత్తి నేర్పి, విడిచిపెట్టమని యజమానులకు చెప్పాడు. సిద్ధాంతం గ్రెగరీ దగ్గర ఉంది, ఆచరణ సలహా క్రిసోస్తమ్ దగ్గర ఉంది. రెండూ ఒకచోట కలవలేదు.

గ్రెగరీని సమర్థించేవారు ఒక మాట అంటారు: తప్పని నిరూపించడంలోనే మానుకోమన్న ఆదేశం ఉంది గదా అని. అది కొంతవరకు నిజమే. దొంగతనం పాపమని చెప్పినవాడు సొమ్ము తిరిగి ఇవ్వమని వేరుగా చెప్పనక్కరలేదు. అయినా తనకు లాభం తెచ్చే పాపాన్ని వదులుకోమని ఎవరూ పేరుపెట్టి చెప్పకపోతే, వినేవారు ఒప్పుకుంటూ తల ఊపి ఇంటికి వెళ్లిపోగలరు. చరిత్రలో జరిగింది ఇంచుమించు అదే.

7. వాదన ఎందుకు వ్యాపించలేదు?

దీనికి మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, సంస్థ భయం. సుమారు 340 ప్రాంతంలో గంగ్రా పట్టణంలో జరిగిన బిషప్పుల సభ, భక్తి పేరుతో బానిసలను యజమానుల మీద అగౌరవానికి, పని మానేయడానికి ప్రేరేపించేవారిని శపించింది. ఆ సభ గురిపెట్టినది యుస్తాథియస్ అనే సన్యాసి అనుచరులను. బాసిల్ యౌవనంలో ఆయన మార్గాన్ని అభిమానించినవాడే. అంటే గ్రెగరీకి ఈ గీత ఎక్కడుందో బాగా తెలుసు. ప్రసంగంలో ఆదేశం లేకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఇది నా ఊహ మాత్రమే.

రెండవది, ఆస్తి. 4వ శతాబ్దం నాటికి చర్చి పేదల సంఘం మాత్రమే కాదు. దానికి భూములున్నాయి, ఆ భూముల్లో పనిచేసే బానిసలూ ఉన్నారు. తన సొంత లెక్కల పుస్తకాన్ని తప్పుపట్టే సిద్ధాంతాన్ని ఏ సంస్థా తొందరగా తలకెత్తుకోదు.

మూడవది, మరో వివరణ గెలవడం. హిప్పో బిషప్పు అగస్టీన్ 'దేవుని నగరం' పంతొమ్మిదో భాగంలో, మనిషి మనిషిని ఏలడం సృష్టిలో దేవుని ఉద్దేశం కాదన్నాడు. ఇంతవరకు గ్రెగరీతో ఏకీభవించినట్లే. కాని బానిసత్వం పాపానికి వచ్చిన శిక్ష అని, లోకాంతం వరకు దాన్ని సహించాలని ముగించాడు. అదే అగస్టీన్, సముద్రతీరంలో పిల్లలను ఎత్తుకుపోయే బానిస వ్యాపారులను చూసి చలించిపోయాడు. తన సంఘం వారు సుమారు 120 మందిని విడిపించిన సంగతి ఆయన లేఖల్లో ఒకటి చెబుతుంది. ఆ లేఖ 1981లో గాని అచ్చు కాలేదు. దుఃఖం నిజమైనదే. కాని పశ్చిమ ఐరోపాకు వారసత్వంగా అందినది ఆ దుఃఖం కాదు, 'పాప ఫలం' అన్న వివరణ. వివరణగా మొదలైనది క్రమంగా అనుమతిగా మారింది.

8. 'ప్రభావం' అనే మాట

1688లో అమెరికాలోని జర్మన్‌టౌన్‌లో కొందరు క్వేకర్లు బానిసత్వానికి వ్యతిరేకంగా ఒక విజ్ఞప్తి రాశారు. తమకు ఏది జరగాలని కోరుకుంటారో ఇతరులకు అదే చేయాలన్న సువార్త సూత్రం దానికి ఆధారం. బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని, 1833 చట్టంతో తన వలసల్లో చాలావాటిలో బానిసత్వాన్ని నిషేధించింది. ఉద్యమకారుల్లో భక్తిగల క్రైస్తవులు చాలామంది. కాని వారి ప్రత్యర్థులూ క్రైస్తవులే. వారూ బైబిలునే చూపించారు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రచురించిన ఆత్మకథ చివర, క్రీస్తు క్రైస్తవం వేరు, బానిసలను ఉంచుకున్న దేశపు క్రైస్తవం వేరు అని తేల్చి చెప్పాడు. గ్రెగరీ ప్రసంగంలో లేని బానిస స్వరం పద్నాలుగు శతాబ్దాల తరువాత ఇక్కడ వినిపించింది. మార్పు వచ్చింది ఆ స్వరం వల్ల, బానిసల తిరుగుబాట్ల వల్ల, చట్టాల వల్ల. సిద్ధాంతం వాటికి తోడుగా నిలిచింది.

1833 చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలకు వర్తించలేదు. ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కూడా ఆ మినహాయింపులోనే ఉన్నాయి. ఇక్కడ న్యాయస్థానాలు బానిస హక్కును గుర్తించరాదన్న చట్టం 1843లో వచ్చింది. అప్పు పత్రంతో మనిషిని కట్టివేసే వెట్టిచాకిరీని నేరంగా ప్రకటించడానికి 1976 దాకా పట్టింది. అప్పు తీరేదాకా దొర ఇంట్లో జీతం ఉన్న తాతల కథలు మీలో కొందరి ఇళ్లలో ఇంకా చెప్పుకుంటూ ఉండవచ్చు. వారికి గ్రెగరీ నాలుగో మెట్టు విడమరచి చెప్పనక్కరలేదు. కాగితం మీద వేలిముద్ర పడితే మనిషి మరొకరి సొత్తు అవుతాడా అన్న ప్రశ్న వారి బతుకులోనిది.

కాబట్టి ప్రభావం అంటే ఒక ఆలోచన పుట్టి, నదిలా పారి, తనంత తానే సమాజాన్ని మార్చడం కాదు. ఆలోచన విత్తనం లాంటిది అనడం కూడా నాకు ఇష్టం లేదు. విత్తనానికి వాన చాలు. ఆలోచనకు దాన్ని తమదిగా పట్టుకుని, నష్టపోవడానికి సిద్ధపడే మనుషులు కావాలి. అటువంటివారు దొరకనంత కాలం ఎంత సత్యమైన వాదనైనా గ్రంథంలోనే ఉండిపోతుంది. తొలి క్రైస్తవ చింతనను గౌరవించేవారు ఈ నిజాన్ని దాచనక్కరలేదు, విమర్శించేవారు గ్రెగరీని దాచనక్కరలేదు.

9. సారాంశం

నిస్సా గ్రెగరీ నాలుగో ప్రసంగం బానిసల పట్ల దయ చూపమని చెప్పి ఆగలేదు. మనిషిని సొంతం చేసుకోవడమే అసాధ్యమని వాదించింది. దేవుని స్వరూపానికి వెల లేదన్నది దాని కేంద్రం. బానిస స్వరం లేకపోవడం, ఆచరణకు ఆదేశం లేకపోవడం దాని పరిమితులు. సంస్థ భయం, ఆస్తి, అగస్టీన్ వివరణ కలిసి ఆ వాదనను పక్కకు నెట్టాయి. ఆ కాలపు మనుషులకు తెలియదన్న సాకు, క్రైస్తవమే అంతా మార్చిందన్న గొప్ప, రెండూ ఈ ప్రసంగం ముందు నిలవవు.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. గ్రెగరీ వాదనలోని అయిదు మెట్లను వివరించి, వాటిలో ఏది బలమైనదో మీ కారణాలతో రాయండి.
2. 'తప్పని నిరూపించడంలోనే మానుకోమన్న ఆదేశం ఉంది.' ఈ సమర్థనను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. బాసిల్, మక్రీనా, గ్రెగరీ వైఖరుల్లో తేడాలు ఏమిటి?
2. 'దాసుడు', 'బానిస' అనే మాటల మధ్య భేదం మన పఠనాన్ని ఎలా మారుస్తుంది?
3. మీ ఊళ్లో లేదా కుటుంబంలో అప్పు వల్ల పనికి కట్టుబడినవారి గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. వారు చెప్పినదానిని గ్రెగరీ నాలుగో మెట్టుతో పోల్చి రాయండి.